అంగడి పంక్తి - ఇంటి పంక్తి

ఎవరితో గూర్చుండి భుజింపవచ్చును, ఎవరితో భుజింపరాదు అను ప్రశ్నకు మన దేశమున నున్నంత బలము మఱి యే ప్రశ్నకును లేదని చెప్పిన నది యతిశయోక్తి కాదు. విద్యలో, ధనములో, ఉద్యోగములో నెవ రెంత ముందునకు పోయినను, తుదకు మనుష్యుని స్థానమును నిర్ణయించుచు వచ్చినది విస్తరి వేసిన చోటు. పంక్తి యను మాటకు మనలో వరుస యను నర్థము మాత్రమే లేదు. అందు కూర్చుండ దగినవాడు, దగనివాడు అను విభాగము గూడ నా మాటలోనే యిమిడియున్నది. పంక్తిబాహ్యు డనిన నెంతటి నిందయో పెద్ద లెఱుగుదురు. కంచముపొత్తు, మంచముపొత్తు అను జంట మాటలలో మన జనులు స్నేహమునకును సంబంధమునకును గల హద్దులను చక్కగా గీసి పెట్టిరి.

అట్టి దేశమున నేడు ప్రతి చిన్న పట్టణపు బజారులోను నొక బేకరీ వెలసినది. అద్దాల బీరువాలో కేకులు, పఫ్‌లు, క్రీము బన్నులు, దిల్‌పసందులు వరుసగా నుండును. లోపల నాలుగైదు బల్లలు, వాని చుట్టును కుర్చీలు. సొమ్ము చెల్లించినవా డెవడైనను ఏ కుర్చీలోనైనను కూర్చుండును. ప్రక్క కుర్చీలోనివాని కులమేమో వానికి దెలియదు. తెలిసికొనవలయునను కోరికయు నా నిమిషమున నుండదు. తరతరములుగా బోధకులును సంస్కర్తలును కవులును చెప్పి చెప్పి యలసిన పనిని ఒక రొట్టెల యంగడి మాట పలుకకయే చేసినట్లు కనబడుచున్నది. ఇది ధర్మమునందు కలిగిన యభివృద్ధియా, లేక వ్యాపారమునందు కలిగిన సౌకర్యము మాత్రమేనా? ఈ ప్రశ్నను చదువరులతో గలసి విచారింప దలచితిమి.

ముందుగా, భోజనపంక్తి యెంతటి యాయుధమో జ్ఞప్తికి దెచ్చుకొందము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ప్రతిపక్షుల చేతిలో వాదములకంటె బలమైన సాధన మొకటి యుండెను, అది వెలి. పెండ్లికి వచ్చినవారిని, అచ్చట భుజించినవారిని పంక్తినుండి తొలగించిరి. ఆ యిండ్లకు వంటవారు, నీళ్ళు తెచ్చువారు, పురోహితులు రాకుండునట్లు చేసిరి. వెలికి వెఱచి ప్రాయశ్చిత్తము చేసికొన్నవారును గలరు. శాస్త్రవిచారమున తొణకని ధీరులు సయితము పంక్తి పోవునను భయమునకు లొంగిపోయి రనిన, ఆ విస్తరి యెంత బరువైనదో తెలియుచున్నది.

ఇంటి పంక్తి యిట్లుండగా అంగడి పంక్తియు చిరకాలము దాని యడుగుజాడలలోనే నడచెను. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములలో దక్షిణదేశమున వెలసిన కాఫీ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేఱు గది, ఇతరులకు వేఱు గది యుండుట సామాన్యము. పంచములనబడినవారికి ఆ రెండు గదులలోను చోటు లేదు. స్వరాజ్యము వచ్చిన పదేండ్లకు గూడ, 1957లో, మద్రాసు తిరువళ్లిక్కేణిలో నొక కాఫీ హోటలు పేరుపలక మీది బ్రాహ్మణ శబ్దమును తొలగింపవలెనని పెరియారు రామస్వామిగారి యనుచరులు నెలల తరబడి ఆందోళనము సలుపవలసి వచ్చెను.

రొట్టె చరిత్రయు నిట్టిదే. దొరలకొఱకు పుట్టిన యీ పదార్థము మన యిండ్లలోనికి వచ్చుటకు చాల దూరము నడచినది. 1883లో మలబారునందలి తలచేరిలో మంబళ్ళి బాపు అను నతడు ఒక దొర కోరికపై క్రిస్మసు కేకును కాల్చెనని ప్రసిద్ధి. 1898లో బెంగుళూరు చిక్కపేటలో తిరుమలాచారి యను నొక అయ్యంగారు గ్రుడ్డు కలుపని రొట్టెల యంగడిని నెలకొల్పిరి. నాడు ఆచారవంతుల గృహములలో రొట్టె నిషిద్ధము. అయ్యంగారి చేతి రొట్టె యనిన మాత్రము కొంత యభ్యంతరము తగ్గెను. అనగా పరదేశపు తిండి మన వాకిట నడుగిడుటకు గూడ కులము యొక్క హామీపత్రము కావలసి వచ్చెనన్న మాట. నేడు మన తెలుగు పట్టణములలో బెంగుళూరు అయ్యంగార్ బేకరీ యను పలకలు అనేకములు కనబడుచున్నవి. ఒకనాడు శుద్ధికి హామీయైన యా పేరు నేడు రుచికి గుర్తు మాత్రమే. లోపల బట్టీయొద్ద పిండి పిసుకువా రెవరో తినువా రడుగుటయు లేదు, అడుగవలెనని తలచుటయు లేదు. ఒక శతాబ్దమున నింతటి మార్పు కలిగినది.

ఈ విచారమునకు మాకు చోటు దొరకినది పిడుగురాళ్ళలో. ఈ పట్టణము పల్నాటిసీమలోనిది. పూర్వము గుంటూరు మండలమున నుండి, 2022లో నేర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. చుట్టును ప్రత్తి, మిరప చేలు. భూమిలో సున్నపురాయి. ఆ రాతిని బొగ్గుతో గలిపి బట్టీలలో పేర్చి కాల్తురు. సుమారు 900 డిగ్రీల వేడిమికి రాతిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోయి తెల్లని పొడిసున్నము మిగులును. దానిపై నీరు పోసిన బుసబుస పొంగుచు వేడి గ్రక్కును. ఆ సున్నమే గోడలకు తెలుపు, తాంబూలమునకు ఎఱుపు. బట్టీలలో పనిచేయు స్త్రీపురుషుల చేతులకును కండ్లకును అదియే మంట. హైదరాబాదు గుంటూరు బాటమీద నుండుటచే లారీలకును బస్సులకును ఈ యూరు మజిలీ. అందుచేత బజారులో టీ దుకాణములకును బేకరీలకును లోటు లేదు.

మిరపకోతలు ముగిసిన దినములలో నొక మధ్యాహ్నము, ఎండ తల మాడ్చుచుండగా, మేమును మా మిత్రులైన యొక విశ్రాంత ఉపాధ్యాయులును అట్టి యొక బేకరీలోనికి పోయి కూర్చుంటిమి. మూడు గంటల వేళ. పెనముమీది దోసెల హోటళ్ళు మూసి యుండును, రాత్రి భోజనములకింకను ప్రొద్దున్నది. బేకరీ కిది మంచి సమయము. లోపలి గదిలోని బట్టీనుండి పఫ్‌ల పళ్ళెము అప్పుడే వచ్చెను. ఒక బల్లయొద్ద గుంటూరు యార్డులో మిరపకాయలమ్మి తిరిగి పోవుచున్న యిద్దరు రైతులు ధరలను గుఱించి చర్చించుకొనుచుండిరి. మఱియొక బల్లయొద్ద కళాశాల బాలిక లిద్దరు పుస్తకముల సంచులను ప్రక్క కుర్చీలో నుంచి కేకు తినుచుండిరి. ముప్పదియేండ్ల క్రిందట నీ సీమలో ఆడపిల్లలు తోడు లేక బజారులో గూర్చుండి తినుట యరుదు. నేడు వారిని తలయెత్తి చూచినవారు లేరు. ఒక ముసలమ్మ మనుమని పుట్టినదినమునకు కేకు కొనుచు, దానిపై పేరు వ్రాయు కుఱ్ఱవానిచేత ఆ పేరును రెండుమాఱులు చదివించి వినెను. అక్షరములు రాకపోయినను తప్పు పోరాదని యామె పట్టుదల.

అంతలో సున్నపు బట్టీలో పనిచేయు నొక నడివయసువాడు లోనికి వచ్చెను. కనుబొమలకు గూడ సున్నపు ధూళి పట్టియుండెను. రెండు బన్నులను, ఒక టీని కొని, డబ్బు చెల్లించి, గోడకు జేరగిలబడి నిలుచుండి త్రాగసాగెను. వలదన్నవారు లేరు, రమ్మన్నవారును లేరు. అప్పుడా బాలికలలో నొకతె తన సంచిని కుర్చీమీదనుండి తీసి యొడిలో పెట్టుకొని, "బాబాయ్, ఇక్కడ కూర్చో" అనెను. అతడు తన బట్టలవైపు చూచుకొని, "సున్నం అంటుద్దమ్మా" అనెను. "తుడిస్తే పోద్దిలే బాబాయ్" అని యామె బదులు చెప్పెను. అత డొక క్షణము తటపటాయించి కూర్చుండెను. ఆమె మరల తన మాటలలో బడిపోయెను. అతని కులమేదో మాకు దెలియదు, ఆమె కులమేదో మాకు దెలియదు. అత డేల నిలుచుండెనో, అది మాసిన బట్టలవలన కలిగిన జంకో, తాతతండ్రులనుండి వచ్చిన యలవాటో, అదియును మేము చెప్పజాలము.

మా మిత్రులు దీనిని చూచి యిట్లనిరి: "చూచితిరిగదా! ఇది సమత్వమని మీరు సంతోషించుచున్నారు. ఈ దుకాణదారుడు అందఱిని సమముగ జూచుట వాని గుణము కాదు, వాని గల్లాపెట్టె గుణము. ఇరువది రూపాయలకు కులము లేదు గనుక ఇరువది రూపాయలు తెచ్చినవానికిని లేదు. ఆ సొమ్ము లేనివాడు వాకిట నిలిచి అద్దములోనుండి చూడవలసినదే. సొమ్ముతో కొన్న సమత్వము సొమ్ముతోనే పోవును. ఈ రైతులే యింటికి పోయి తమ పాలేరు కెక్కడ కూడు పెట్టుదురో చూడుడు."

ఈ యాక్షేపణ తేలికగ ద్రోసివేయ దగినది కాదు. దీనిలో రెండు వాదము లున్నవి. మొదటిది: మంచి ఫలితము మంచి యుద్దేశమునుండి పుట్టనిచో దానికి ధర్మమను పేరు చెల్లదనుట. రెండవది: అంగడిలోని యాచరణము ఇంటిలోని యాచరణమును మార్పజాలదనుట. వీనిని వేఱువేఱుగ బరిశీలింతము.

మొదటి వాదమునకు మన పల్లెలలోనే యొక దృష్టాంతము కలదు. టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి మన జిల్లాలలో చిరకాలము సాగినది. ఊరివారికి గాజు గ్లాసు లోపలి బల్లమీద. మాలమాదిగలకు వేఱొక గ్లాసు చూరులోనో గోడగూటిలోనో, త్రాగిన పిదప వారే కడిగి పెట్టవలెను. భారత రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి యమలులోనికి వచ్చినది. దాని 17వ యధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 15వ యధికరణము అంగళ్ళలోను, భోజనశాలలలోను, హోటళ్ళలోను ప్రవేశమునకు కులము అడ్డు రాకూడదని శాసించినది. 1955 నాటి చట్టము, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు దాల్చినది, హోటలులోని పాత్రలను వాడుకొను హక్కును గూడ ప్రత్యేకముగ బేర్కొన్నది. ఒక దేశము తన చట్టములో గిన్నెలను, గ్లాసులను బేర్కొనవలసి వచ్చినదనిన, ఆ దేశపు వ్యాధి యెచ్చట గూడుకట్టినదో స్పష్టము గదా! ఐనను గ్లాసులు రెండుగానే చాలకాల ముండెను.

తరువాత కాగితపు కప్పులును ప్లాస్టిక్ కప్పులును వచ్చినవి. అందఱును త్రాగి పాఱవేయుదురు. అనేక గ్రామములలో రెండు గ్లాసుల పద్ధతి యిట్లు మాయమైనది. కడుగు పని తప్పునని దుకాణదారుడు కప్పులు కొనెను, ఎవరి మనస్సును మాఱలేదు, ఎవరును పశ్చాత్తాపపడలేదు. ఇది ధర్మవిజయమా? మా సమాధానము రెండు భాగములుగ నున్నది. చూరు క్రింద గ్లాసు కడుగుకొనుచు అవమానము నొందిన మనుష్యునివైపునుండి చూచితిమేని, ఇది నిజమైన మేలు. వాని గాయము నేడు మానినది. అది మానుట వైద్యుని కరుణవలననా, మందు చౌకయగుటవలననా యని విచారించుట వానికి పని లేదు. గాయము చేసినవానివైపునుండి చూచితిమేని, వాని లెక్కలో నొక పైసయు జమ కాలేదు. కప్పులు దొరకని దినమున వాడు మరల ఆ గూటిలోని గ్లాసును వెదకును. ఒకే సంఘటన ఒకనికి మేలుగను, మఱియొకనికి ధర్మము కాకుండను ఉండవచ్చును. సంస్కరణమును గొలుచువారు ఈ రెండు కొలతలను కలిపివేయుటచేతనే కొంద ఱంతయు మాఱినదనియు, కొంద ఱేమియు మాఱలేదనియు వాదులాడుకొనుచున్నారు.

కావున బేకరీవాని యుదాసీనతను తక్కువగ జూడరాదు. సమ్మానింపకున్నను అవమానింపకుండుట యొక మెట్టు. శతాబ్దములు అవమానము నెఱిగినవానికి తన్ను గుఱించి యెవరును ఏమియు దలంపకుండుట గూడ విశ్రాంతి. మన గ్రామములో ప్రతివాడును ప్రతివాని వంశమును నాలుగు తరములవఱకు చెప్పగలడు. బాటప్రక్క పట్టణమున నొక కుర్చీలో నజ్ఞాతుడై యఱగంట గూర్చుండుట యందఱికిని సుఖమే. కొందఱి కది ముక్తి.

ఐనను రెండవ వాదము మిగిలియున్నది. సొమ్మిచ్చి కొన్న కుర్చీ యెంత నమ్మదగినది? 1991లో నాటి గుంటూరు జిల్లాలోని చుండూరులో జరిగినది చదువరులు మఱచియుండరు. కలహము మొదలైనది సినిమాశాలలో. టిక్కెట్టు కొని కూర్చుండిన యొక దళిత యువకుని కాలు ముందు వరుసలోనివానికి తగిలినదను మాట మీద పంతములు పెరిగి, సంఘబహిష్కారముగ మాఱి, ఆగస్టు 6వ తేదీని ఎనమండుగురు దళితులను చంపుటతో పర్యవసించెను. ఇద్దఱి టిక్కెట్టును ఒక్కటే, ఇద్దఱి ధరయు నొక్కటే, గది యొక్కటే. కాని ఇంటినుండి తెచ్చుకొన్న మనస్సు వేఱు. అంగడి యిచ్చిన సమత్వమును ఊరు వెనుకకు లాగికొన్నది. అంగడి పంక్తి చాలునని నిశ్చింతగ నుండుట కిక వీలు లేదు.

అట్లయిన నింకొక విధమైన పంక్తి కలదా? కలదు, అదియు నీ పల్నాటిసీమదే. పండ్రెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధకథలో మాచెర్ల మంత్రియగు బ్రహ్మనాయుడు కులభేదము లేక యందఱిని ఒకే చాపచుట్టును గూర్చుండబెట్టి, చాపమీద బోసిన యన్నమును గలసి తినిపించెనని వీరగాథలు చెప్పుచున్నవి. దానికి చాపకూడని పేరు. మాలకులమువాడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగ భావించి సేనాపతిని జేసెననియు కథ. కథలో చరిత్ర యెంత, గాయకుల కల్పన యెంత యని పండితులు తర్కించుచుందురు గాక. ఎనిమిది వందల యేండ్లుగా నొక సీమ ప్రజలు ఈ కథను పాడుకొనుచు వచ్చిరనుట మాత్రము చరిత్రయే. పిడుగురాళ్ళకు సమీపముననే నాగులేటి యొడ్డున నున్న కారెంపూడిలో కార్తికమాసపు వీరుల యుత్సవమునందు నేటికిని చాపకూడు జరుగుచున్నది. సిక్కుల లంగరులోను అందఱును ఒకే పంగతిలో నేలమీద గూర్చుండి తిందురు. పూరీ జగన్నాథుని మహాప్రసాదమునకు కులపు టంటు లేదని ప్రసిద్ధి.

చాపకూటికిని బేకరీబల్లకును భేద మేమి? చాపకూటికి వెల లేదు. అద్దములోనుండి చూడవలసినవా డెవడును లేడు. చాపమీద గూర్చుండినవారు ఒకరినొక రెఱుగుదురు. ఎఱిగియే కలసి తినిరి. బేకరీలో ఎఱుగరు గనుక కలసి తినుచున్నారు. ఎఱుగమి తొలగిన మఱుక్షణము కొందఱు బల్ల మార్చుకొందురేమో! ఈ దృష్టితో చాపకూడే యుత్తమము. కాని దాని లోపము దానికిని గలదు. ఉత్సవపు చాప యేటికొకనాడు పఱచి చుట్టిపెట్టబడును. దేవుని యెదుట, వీరుల యెదుట ఒకనాటి సమత్వము. మఱునాడు ఎవరి వాడకు వారు. బేకరీ బల్లయో, సంవత్సరమున ప్రతి మధ్యాహ్నమును అచ్చటనే యుండును. ఒకదానిలో ప్రేమ యున్నది, నిత్యత్వము లేదు. రెండవదానిలో నిత్యత్వ మున్నది, ప్రేమ లేదు. ఈ రెంటిని గలుపగల స్థల మొక్కటియే మాకు దోచుచున్నది, అది గృహము. అందు ప్రతిదినమును వంట యగును. అందున్నవారు ఒకరినొక రెఱిగినవారే.

గృహముదాక పోవుటకు ముందు బేకరీలో జరిగిన చిన్న విషయమును విచారింతము. బట్టీ పనివాడు గోడనానుకొని నిలుచున్నంతసేపు ఎవరును చట్టమును మీఱలేదు. రాజ్యాంగమునకు గాని, 1955 చట్టమునకు గాని ఫిర్యాదు లేదు. ఐనను ఏదో లోపించినది. సంచి తీసిన నిమిషమున ఆ లోపము తీరినది. ప్రవేశము నిషేధింపకుండుట వేఱు, చోటిచ్చుట వేఱు. మొదటిదానిని చట్టము చేయింపగలదు. రెండవదానిని ఏ చట్టమును చేయింపజాలదు. ప్రక్కనున్న మనుష్యుడే చేయవలెను. అమెరికాలో గ్రీన్స్‌బరో పట్టణమున 1960 ఫిబ్రవరి 1వ తేదీని నలుగురు నల్లజాతి విద్యార్థు లొక పెద్ద యంగడిలోనికి పోయి కొన్ని వస్తువులను కొనిరి. వారి సొమ్మును సంతోషముతోనే పుచ్చుకొనిరి. తరువాత నదే యంగడిలోని ఫలాహారపు బల్లయొద్ద కూర్చుండి కాఫీ యడుగగా నీయమనిరి. వారు లేవలేదు, దినదినమును మఱికొందఱు వచ్చి కూర్చుండిరి, జూలై నెలలో ఆ బల్ల యందఱికిని తెఱువబడెను. కొనుట కర్హత యిచ్చి కూర్చుండుట కర్హత నీయకపోవుట యే దేశమున నైనను ఒకే పాపము. నిలుచుండి తినువాడు కొనుగోలుదారు. కూర్చుండి తినువాడు తోడిమనుష్యుడు.

ఇక గృహమునకు వత్తము. చదువుకొన్న గృహములలో కులమును గుఱించి మాటాడు నలవాటు తగ్గినది. మాకు పట్టింపు లేదని చెప్పుకొందురు. బేకరీలో ఎవరి ప్రక్కనైన గూర్చుండుదురు. సంతోషమే. కాని ఆ గృహములలో ననేకములందు, అంట్లు తోము స్త్రీకి టీ యిచ్చు గ్లాసు వేఱుగ నున్నది. అది వంటయింటి యలమరలో నుండదు. పెరటి గట్టుమీదనో, కిటికీలోనో, కుళాయి ప్రక్కనో బోర్లించి యుండును. ఇంటిల్లిపాది యెంగిలి గిన్నెలను తోమి శుభ్రము చేసిన చేతులకు ఆ గిన్నెలలో త్రాగు నర్హత లేదన్నమాట! టీ దుకాణపు గూటినుండి చట్టమును, కాగితపు కప్పులును తఱిమివేసిన రెండవ గ్లాసు మన పెరటిలో తలదాచుకొన్నది. అచ్చటికి రక్షకభటుడు రాడు. వచ్చుట మాకును సమ్మతము కాదు. అందుచేతనే యా భారము పూర్తిగ మనది.

దీనికి గృహస్థులు చెప్పు సమాధానములు మేము వినియున్నాము. శుచికొఱకు వేఱుంచితి మందురు. వందలమంది పెదవులు తగిలిన బేకరీ గ్లాసులో నీరు త్రాగి వచ్చినవారికి ఈ మాట శోభింపదు. సబ్బును నీరును ఒకరి యెంగిలిని బోగొట్టి యింకొకరి యెంగిలిని మిగుల్చవు. ఆమెయే లోపల కూర్చుండదని మఱికొంద ఱందురు. నిజమే, బట్టీ పనివాడును దానంతట తాను కూర్చుండలేదు. తరతరములు నిలువబెట్టినవారిని ఒకమాఱు కూర్చుండుమని మొగమాటమునకు బలికి, వారు వలదనగానే మన బాధ్యత తీరినదనుకొనుట సులభము. చోటు చూపి, మరల మరల పిలిచి, కూర్చుండిన పిదప దాని నొక వింతగ జేయక మన పనిలో మనముండుట యసలైన మర్యాద.

ఆహారనియమములు గలవారు మాంసము తినువారితో నెట్లు కూర్చుండుదు మందురు. ఏమి తినవలెనను నియమము ఎవరి కంచమునకు వారిది. దానిని మేము గౌరవింతుము. ఎవరితో తినవలెనను నియమము ఇతరుల గౌరవమును దాకును. బేకరీలో గ్రుడ్డు పఫ్, కూర పఫ్ ఒకే బల్లమీద వేఱువేఱు పళ్ళెములలో నుండగా ఎవరి వ్రతమును భంగము కాలేదు. వ్రతము తనకు, పంక్తి యందఱికి.

చివరి యాక్షేపణ తీవ్రవాదులది. గ్లాసు మార్చిన నేమగును? భూమి, కూలి, చదువు, బట్టీలలో పనివారి ఆరోగ్యము, ఇవి గదా ముఖ్యము! ముఖ్యములే. గ్లాసును కలిపి కూలిని కోసివేయువాడు కపటి. ఐనను పెద్ద పనులకు ప్రభుత్వములు, సంఘములు, కాలము, ధనము కావలెను. ఈ చిన్న పనికి వీనిలో నేదియు నక్కఱలేదు. ఖర్చు లేని న్యాయమునే చేయనివారు ఖర్చుగల న్యాయమును చేయుదురని నమ్ముటెట్లు?

ఇంకొక్క విషయము. ఇంటి బిడ్డకు కులమును ఎవరును పాఠముగ జెప్పరు. మూడేండ్ల పిల్ల నీళ్ళకొఱకు చేయి చాచి కిటికీలోని గ్లాసును పట్టుకొనగానే తల్లియో అమ్మమ్మయో "అది కాదు, అది మనది కాదు" అని లాగికొనును. ఆ రెండు మాటలతో శాస్త్రమంతయు బోధింపబడినది. తరువాత బడిలో సమత్వమును గుఱించి యెన్ని పాఠములు వల్లించినను ఆ మొదటి పాఠము చెఱగదు. పదునెనిమిదేండ్లకు బేకరీలో సంచి తీసి చోటిచ్చు బాలిక యెట్టి యింటిలో పెరిగినదో మేము తెలిసికొనలేదు. ఆమె తల్లి యామె చేతినుండి గ్లాసు లాగికొని యుండదని మాత్రము మాకు దోచుచున్నది.

కావున మా మిత్రుల యాక్షేపణకు మేము చెప్పిన ప్రత్యుత్తర మిది: అంగడి సమత్వము అసంపూర్ణము, దానికి వెల యున్నది, భయము కలిగిన దినమున నిలువకపోవచ్చును, అయినను అది పూర్వులకు దొరకని భాగ్యము, దానిని కాపాడుకొనవలెను. అది పూర్ణమగుట గల్లాపెట్టె యొద్ద జరుగదు, ఉత్సవమున జరుగదు. వంటయింటిలో దినదినమును జరుగవలెను. వారు కొంతసేపు మౌనముగ నుండి, "మా యింట గ్లాసులు లెక్కింపవలెను" అనిరి. చదువరులైన గృహిణులును గృహస్థులును ఆ లెక్కను తమ తమ యిండ్లలో జూచుకొందురు గాక. కిటికీలో నొంటిగ నున్న గ్లాసును తీసి తక్కినవానితో గలిపి యలమరలో బెట్టుటకు ముహూర్త మక్కఱలేదు, పురోహితు డక్కఱలేదు, ఊరి యనుమతియు నక్కఱలేదు.